ఆఖరి కడుగు నీళ్ళు

గంగాళం చల్లారకముందే చెయ్యి పెట్టాలి. కొత్తగా వచ్చిన ప్రతి మనిషికీ నేను మొదటిరోజు చెప్పే మాట ఇదే. మెత్తటి క్యాప్సూల్ లోపల ఉండే మందును కాచేది మా గదిలోనే. నూనె, మైనం కలిపి వేడిచేసి, కరిగాక మందుపొడి వేసి తిప్పుతారు. గంగాళానికి రెండు గోడలుంటాయి, ఆ రెండింటి మధ్యా వేడినీళ్ళు తిరుగుతుంటాయి. కాగితాల్లో దానికి ఏదో పొడుగాటి పేరుంది, నంబరు కూడా ఉంది. మేం మాత్రం గంగాళమనే అంటాం. మందు కిందికి దించేశాక గోడ వేడి మీద ఉండగానే తుడిచెయ్యాలి. కాస్త ఆలస్యం చేశారా, మైనం గోడను కరుచుకుంటుంది, ఇక పూటంతా గీకినా వదలదు. అందుకే మా గదిలో పాతవాళ్ళెవరికీ మోచేతుల దాకా వెంట్రుక ఉండదు. నా చేతులు చూసి మా అల్లుడు నేను పొయ్యి దగ్గరే బతికిన మనిషిననుకున్నాడట. నా వంట తిన్నాక పాపం ఆ భ్రమ వదిలిపోయింది.

తుడవడం అయ్యాక సబ్బునీళ్ళు పోసి తెడ్డు తిప్పాలి. అడుగున మందు దిగే తూము ఉంటుంది, దాని గొంతులో బ్రష్షు పెట్టి తోమాలి. తూము బిగుతు కోసం ఉండే రబ్బరు చుట్ట విడిగా తీసి, దాని గాడిలో ఇరుక్కున్నదంతా లాగాలి. తర్వాత మూడు జాడింపులు. రెండుసార్లు మామూలు నీళ్ళు, ఆఖరిసారి గొట్టంలో వచ్చే శుద్ధి నీళ్ళు. ఇదంతా అయ్యాక ల్యాబు పిల్ల వచ్చి దూదిపుల్లతో లోపలి గోడ రుద్ది తీసుకుపోతుంది. దూదిలో మందు ఆనవాలు కనిపించిందంటే మళ్ళీ మొదటికి రావాలి. మిషన్లు ఆగిపోతాయి, షిఫ్టు సారు మొహం మాడిపోతుంది, ఆ మాడు వాసన మాదాకా వస్తుంది.

నేను చేరిన అయిదో ఏట ఒకసారి నా గంగాళం దూదిలో తప్పింది. అప్పట్లో కాచేవి చేపనూనె, విటమిన్లు. మేనేజరు అందరినీ నిలబెట్టి, "దీన్ని కడగడం అంటారా? నీళ్ళు చిలకరించి వచ్చారు" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. గంగాళం మళ్ళీ కడిగాను. ఆఖరి జాడింపు నీళ్ళు తూములోంచి ఒక స్టీలు గ్లాసు నిండా పట్టి, ఆయన ముందే గటగటా తాగేశాను.

"మీ ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు ఇంత శుభ్రంగా ఉంటుందా సార్?" అని కూడా అడిగాను.

ఆయన పగలబడి నవ్వాడు. చూడ్డానికి వచ్చిన పెద్దమనుషులందరికీ నన్ను చూపించి ఆ కథ చెప్పేవాడు. ఆరు నెలలు తిరక్కుండా కడుగుడు గదికి నన్ను పెద్దను చేశాడు. తలుపు పక్కన ఇనుప కుర్చీ ఒకటి వేయించాడు. మా గదిలో ఉన్న కుర్చీ అదొక్కటే.

కుర్చీ ఎక్కినరోజే గ్లాసును అందరికీ పెట్టాను. ఎవరు కడిగితే వాళ్ళు తాగాలి. పట్టేది నేను, తాగేది కడిగిన మనిషి, చూసేది మిగతా అందరూ. నీళ్ళు మసకగా ఉంటే రెండో గ్లాసు. తన నోట్లోకి పోతుందని తెలిస్తే ఏ మనిషైనా ఒళ్ళు దగ్గర పెట్టుకుని కడుగుతుంది. ఆ తర్వాత అన్నేళ్ళలో మా గది దూదిలో తప్పింది మూడేమూడుసార్లు. గ్లాసుకు ఒక పక్క సొట్ట ఉండేది. దాన్ని కిటికీ పక్క గూట్లో పెట్టేదాన్ని. సరిగ్గా దానిపైనే "ఈ గదిలో తినరాదు, తాగరాదు" అన్న కాగితం అంటించి ఉండేది. గ్లాసు బయటికి తీయగానే షిఫ్టు సారు కిటికీలోంచి బయటికి చూసేవాడు. అక్కడ కనిపించేది ఎదుటి గోడ తప్ప మరేమీ కాదు.

తర్వాత ఎర్రబోర్డు మందు వచ్చింది. మొహం మీద మొటిమలు పోవడానికి వాడతారట. ఆ మందు కాచే రోజు తలుపుకు ఎర్రబోర్డు తగిలిస్తారు, బోర్డు మీద నిండు గర్భిణి బొమ్మ, దాని మీద అడ్డంగా గీత. కడుపులో ఉన్న బిడ్డకు మొహం, చెవులు, గుండె సరిగ్గా తయారుకావని సారు ఒకసారి అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. ఆ రోజుల్లో ఒళ్ళంతా కప్పే సూటు, రెండు జతల గ్లౌజులు, గాలి మాస్కు. నెల తప్పినవాళ్ళు వెంటనే కాగితం మీద రాసివ్వాలి. పర్మినెంటు వాళ్ళను ప్యాకింగులోకి మార్చేవాళ్ళు. టెంపరరీ వాళ్ళను ఇంటికి పంపేవాళ్ళు, మళ్ళీ పిలిచిన పాపాన పోలేదు.

అన్నీ మారాయి, గ్లాసు మాత్రం ఉండిపోయింది. ఎర్రబోర్డు రోజున కూడా తాగేటప్పుడు మాస్కు కిందికి లాగి తాగాల్సిందే. తీసేయాలని నాకు అనిపించలేదు. తీసేస్తే నా దగ్గర మిగిలేది ఆ ఇనుప కుర్చీ ఒక్కటే కదా.

మా గదిలో ఒకావిడను నత్త అనేవాళ్ళం. ఆ పేరు నేనే పెట్టాను. పని అంత నెమ్మది. గోరుకు గుడ్డ చుట్టుకుని రబ్బరు చుట్ట గాడిని వేలెడు వేలెడు చొప్పున తుడిచేది. ఉన్నమాట చెప్పాలంటే ఆవిడంత శుభ్రంగా కడిగే మనిషి గదిలో మరొకరు లేరు, నాతో కలిపి. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టే ఆవిడంటే నాకు కంపరం. నేను పనిలోంచి దిగిపోవడానికి తొమ్మిదేళ్ళ ముందు ఒక ఎర్రబోర్డు రోజున గ్లాసు ముందు పెడితే తల దించుకుని నిలబడింది. అప్పటికి ఆవిడ టెంపరరీ.

"అక్కా, రెండు నెలలైంది నాకు. ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఇవాళొక్కరోజు వదిలెయ్యి" అంది, నాకొక్కదానికే వినపడేలా.

నేను అందరికీ వినపడేలా జవాబు చెప్పాను. "మొన్న తలనొప్పి, ఇవాళ నెల తప్పడం. రేపు కవలలంటావు. కడిగింది నువ్వేగా, నీ చెయ్యి మీద నీకే నమ్మకం లేదా?"

గదిలో అందరూ నవ్వారు. నా నోరు అలాంటిది, నవ్వించాలంటే నాకు చిటికెలో పని. ఆవిడ తాగింది. మూడు వారాలకు కడుపు పోయింది. పదిరోజులు సెలవు పెట్టి మళ్ళీ వచ్చి గంగాళంలో చెయ్యి పెట్టింది. తర్వాత ఆవిడకు ఇంక కడుపు నిలవలేదు. ఆ గ్లాసు వల్లే పోయిందని ఎవరూ చెప్పలేరు, పోయే కడుపు ఎలాగైనా పోతుంది. ఈ మాట నేను చాలామందికి చెప్పాను, అడగనివాళ్ళకు కూడా చెప్పాను. ఆ రోజు నుంచి నత్త నన్ను అక్కా అని పిలవలేదు. అసలు ఏ వరసా పెట్టలేదు. పని ఉంటే ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడేది.

నేను దిగిపోవడానికి రెండేళ్ళ ముందు మా అమ్మాయిని కూడా ఆ గదిలోనే చేర్పించాను. "గదిలో అమ్మా గిమ్మా అనకు. అందరిలాగే అక్కా అను. నా దగ్గర నా బిడ్డ, పరాయి బిడ్డ అని ఉండదు" అని ముందే చెప్పాను, నలుగురి ముందూ చెప్పాను. అది అలాగే పిలిచేది. ఇంటి గుమ్మం దాటగానే అక్కా, ఇంటికి రాగానే అమ్మా. చేతిపని చక్కగా వచ్చింది దానికి. నేను దిగిపోయే నెల దగ్గరపడింది. పోతూపోతూ ఎవరి పేరు చెబితే వాళ్ళకు కుర్చీ ఇస్తానని మేనేజరు నాకు మాటిచ్చాడు. మా అమ్మాయికి పర్మినెంటు కాగితం, కుర్చీ ఒకేసారి వస్తాయి. నేను లేకపోయినా ఆ కుర్చీలో నా రక్తం కూర్చుంటుందని తలుచుకుంటే నాకు కడుపు నిండిపోయేది.

ఇంకా ఇరవై రోజులుందనగా ఒక పొద్దున మా అమ్మాయి వంటింట్లోకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. పెళ్ళయిన అయిదేళ్ళకు నెల తప్పింది. ఏడుస్తోందో నవ్వుతోందో దానికే తెలియడం లేదు.

"ఇవాళే రాసిచ్చేస్తానమ్మా. ఆ గదిలోకి ఇంక నేను రాను" అంది.

నాకూ సంతోషంగానే ఉంది. కానీ నా బుర్ర అప్పటికే ఇరవై రోజుల లెక్కలో పడింది. "ఇప్పుడు రాసిస్తే ఇంటికి పంపేస్తారు. పర్మినెంటూ పోతుంది, కుర్చీ పోతుంది. ఇరవై రోజులు ఓర్చుకో. కాగితం చేతికి రాగానే రాసిద్దువుగాని. అప్పుడు వాళ్ళే ప్యాకింగులో కూర్చోబెడతారు."

"ఎర్రబోర్డు వస్తే?"

"నీకు పడకుండా చూస్తా."

"పడితే?"

"సూటు ఉంటుంది, రెండేసి గ్లౌజులుంటాయి. ఏమీ కాదు."

"గ్లాసో?"

దానికీ నా దగ్గర జవాబుంది. గ్లాసు పట్టేది నేనే. తూము గంగాళం వెనక అడుగున ఉంటుంది. గొంతుక్కూర్చుని పట్టాలి, అవతలున్నవాళ్ళకు నా వీపు తప్ప ఏమీ కనిపించదు. శుద్ధి నీళ్ళ గొట్టం కూడా ఆ పక్కనే వేలాడుతుంటుంది. తూము బదులు గొట్టం తిప్పి గ్లాసు నింపితే పనైపోతుంది. రెండూ నీళ్ళే, రంగూ రుచీ ఒకటే.

"గ్లాసు నీ చేతికి వచ్చాక నా వంక చూడు. నేను మాస్కు పైకి లాక్కుంటే అది గొట్టం నీళ్ళని అర్థం. కళ్ళు మూసుకుని తాగెయ్. లాక్కోలేదనుకో, కడుపు తిప్పుతోందని గ్లాసు కింద పడెయ్. తర్వాతి సంగతి నేను చూసుకుంటా."

అది కళ్ళు తుడుచుకుంది. "నాకు భయంగానే ఉందమ్మా. నువ్వున్నావని ఒప్పుకుంటున్నా" అంది.

పదకొండు రోజులు దాన్ని క్యాప్సూల్ పైతొడుగు కోసం జెలటిన్ కరిగించే గంగాళానికే వేశాను. జెలటిన్ వల్ల ఎవరికీ ఏమీ కాదు. పన్నెండోరోజు ఎర్రబోర్డు వచ్చింది, ఆ గంగాళం కడగాల్సిన పొడుగావిడ కాలు మడతపడి రాలేదు. షిఫ్టు సారు నన్నడక్కుండానే పలక మీద మా అమ్మాయి పేరు రాసేశాడు.

నేను కుర్చీలో కూర్చుని చూస్తూనే ఉన్నాను. మూత ఎత్తగానే వేడి మైనం వాసన గుప్పున కొట్టింది. మా అమ్మాయి ఒక్క క్షణం గోడ పట్టుకుని నిలబడింది. తర్వాత సర్దుకుని నడుం దాకా వంగి తుడవడం మొదలుపెట్టింది. ఎంత బాగా కడిగిందో. తూము గొంతు తోమింది, రబ్బరు గాడి తుడిచింది, మూడు జాడింపులూ లోపం లేకుండా చేసింది. పక్క గంగాళం దగ్గర నత్త తన పని తాను చేసుకుంటూ మధ్యమధ్యలో దాని వంక చూసింది.

ఆఖరి జాడింపు అయ్యాక అందరూ చుట్టూ చేరారు. షిఫ్టు సారు కిటికీ వైపు తిరిగాడు. నేను గూట్లోంచి గ్లాసు తీశాను.

"ఇవాళ నేను పడతాను" అంది నత్త.

తొమ్మిదేళ్ళలో గ్లాసు సంగతి ఆవిడ ఎత్తడం అదే మొదలు. "పట్టేది నేను కదా" అన్నాను.

"మామూలు రోజుల్లో సరే. కన్నకూతురి గ్లాసు తల్లి పడితే బాగుండదు. రేపు కుర్చీ దగ్గర నలుగురూ నాలుగు మాటలంటారు. మన గదిలో నా బిడ్డ, పరాయి బిడ్డ అని లేదుగా."

నా మాటే తెచ్చి నా ముందు పెట్టింది. ఇద్దరు ముగ్గురు తలలూపారు. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. నేను గ్లాసు ఇచ్చేశాను.

ఆవిడ గంగాళం వెనక్కి వెళ్ళి కూర్చుంది. తూము పిడి కిర్రుమన్న చప్పుడు, నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించాయి. లేచి వచ్చి, గ్లాసు అంచు శుభ్రమైన గుడ్డతో తుడిచి మా అమ్మాయి చేతిలో పెట్టింది. గ్లాసు నిండుగా ఉంది. మా అమ్మాయి మాస్కు కిందికి లాక్కుని నా వంక చూసింది.

అందరి కళ్ళూ దాని మీద ఉన్నాయి, దాని కళ్ళు నా మీద ఉన్నాయి. ఆ గ్లాసులో ఉన్నది గంగాళం నీళ్ళని నాకు తెలుసు. వద్దని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట కూడా అక్కర్లేదు, నా చెయ్యి కదలకుండా ఉంటే చాలు. గ్లాసు కింద పడుతుంది, నాలుగు గుసగుసలు పుడతాయి, సాయంత్రానికి సంగతి బయటపడుతుంది, కుర్చీ పోతుంది. ఒక్క గ్లాసుకు ఏమవుతుందిలే అనుకున్నాను. బాగా కడిగింది కదా అనుకున్నాను. ఎంతమంది తాగలేదు అనుకున్నాను. కానీ ఇవన్నీ తర్వాత అనుకున్నవి. ముందు గుర్తొచ్చింది కుర్చీ. ఇప్పుడు వరస మార్చి చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

నేను మాస్కు పైకి లాక్కున్నాను.

మా అమ్మాయి మొహం తేటపడింది. అడుగు దాకా తాగి, గ్లాసు బోర్లించి అందరికీ చూపించింది. ల్యాబు పిల్ల దూది కూడా మచ్చ లేకుండా వచ్చింది.

సాయంత్రం బస్సులో నా భుజం మీద తల పెట్టుకుంది. "ఆవిడ పడతాననగానే నా గుండె జారిపోయిందమ్మా. ఎలా మార్చావు?"

"ఆవిడకు నేనే చెప్పి పెట్టాను. గొట్టం నీళ్ళే పట్టమన్నాను. నేను పడితే అనుమానం వస్తుందని అలా చేశాం" అన్నాను. అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందంటే ఒక క్షణం నేనే నమ్మాను.

"మామూలు నీళ్ళలాగే ఉన్నాయి" అంటూ అది అలాగే నిద్రపోయింది.

ఆ తర్వాతి రోజులు నేను పగవాళ్ళకు కూడా కోరుకోను. మా అమ్మాయి బాత్రూములోకి వెళితే తలుపు దగ్గర చెవి పెట్టుకుని నిలబడేదాన్ని. విడిచిన బట్టలు అది చూడకుండా తిరగేసేదాన్ని. తలుపుకు తగిలించిన బోర్డు మీది బొమ్మను చూడకుండా గదిలోకి వెళ్ళాలంటే ఎలాగో నేర్చుకున్నాను. అది మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు తిరుగుతోంది. పైగా నత్తను పిన్నీ అని పిలవడం మొదలుపెట్టింది. ఒకరోజు నా కళ్ళ ముందే ఆవిడ చేతులు పట్టుకుని, "ఆ రోజు నాకోసం చేశారు, మర్చిపోను పిన్నీ" అంది. నత్త దాని తల మీదుగా నా వంక చూసింది. "ఏముందిలే అమ్మా" అని మాత్రం అంది.

నెలాఖరు వచ్చింది. పర్మినెంటు కాగితం మా అమ్మాయి చేతికి వచ్చింది. కుర్చీ దానిదేనని మేనేజరు అందరి ముందూ చెప్పాడు. అప్పుడే అది నెల తప్పిన కాగితం రాసిచ్చింది. మేనేజరు సరేనని, రేపటి నుంచి ప్యాకింగులో కూర్చోమన్నాడు. "నువ్వు తిరిగొచ్చేదాకా ఈ కుర్చీలో ఎవరుంటారు?" అని గదిలోకి చూసి, "నువ్వు కూర్చోమ్మా, పాతదానివి" అని నత్తను పిలిచాడు.

నత్త ఎప్పటిలాగే నెమ్మదిగా వచ్చి నా కుర్చీలో కూర్చుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను చేసిందంతా ఆ కుర్చీ కోసమే, చివరికి అందులో కూర్చున్నది ఆవిడ.

షిఫ్టు దిగాక బట్టలు మార్చుకునే గదిలో ఆవిడ ఒక్కతే కనిపించింది. అది నా ఆఖరిరోజు. నోరు మూసుకుని బస్సెక్కి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. ఆ నోరు ఎవరి మాటా వినదు.

"నీ కడుపు పోయిందని నా బిడ్డ కడుపు మీద కొట్టావు" అన్నాను.

ఆవిడ తలకున్న టోపీ తీస్తూ ఆగింది. "నేనేం చేశాను?"

"ఆ రోజు గ్లాసు పట్టింది నువ్వు కదా. దానికి నెల తప్పిందని నీకు తెలీదా?"

"తెలుసు. మైనం వాసనకు గోడ పట్టుకుందే, అప్పుడే తెలిసింది."

"తెలిసి తెలిసి గంగాళం నీళ్ళు తాగించావు. ఈ ఎనిమిది రోజులూ నేనెలా చచ్చానో నీకేం తెలుసు?"

ఆవిడ టోపీ మడతపెట్టి బెంచీ మీద పెట్టింది. "నేను పట్టింది గొట్టం నీళ్ళు. తూము తిప్పింది నీకు వినపడాలని. ఆ నీళ్ళు కాలవలోకి పోయాయి."

ముందు నాకు పట్టలేనంత సంతోషం వచ్చింది. అది నిజం, దాన్ని నా దగ్గర నుంచి ఎవరూ తీసుకోలేరు. ఆవిడ కాళ్ళ మీద పడిపోదామనుకున్నాను. ఈలోగా ఆవిడ మాట్లాడుతూనే ఉంది.

"నువ్వు వద్దంటావేమో చూద్దామనుకున్నాను. నాకు అనలేదు, సరే. కన్నబిడ్డకైనా అంటావనుకున్నాను. ఆ పిల్ల నీ వంక చూసింది. నువ్వు మాస్కు లాక్కున్నావు, వెంటనే తాగేసింది. మీ ఇద్దరి మధ్యా ఏదో మాట ఉందని అర్థమైంది నాకు. ఇది ఎవరికీ చెప్పకూడదనే అనుకున్నాను. ఆ పిల్ల వచ్చి నా చేతులు పట్టుకుంటే కూడా చెప్పలేదు. నువ్వే ఎత్తావు."

బీరువాల వరస వెనక ఇనుప తలుపు మూసిన చప్పుడైంది. మా అమ్మాయి ఒక కాలికి చెప్పుతో బయటికి వచ్చింది. రెండో చెప్పు చేతిలో ఉంది.

"ఆవిడకు నువ్వే చెప్పి పెట్టానన్నావు" అంది నాతో.

నేను బెంచీ మీది టోపీ వంక చూశాను.

"గంగాళం నీళ్ళనుకున్నావు. అనుకునే మాస్కు లాగావు. ఎందుకు లాగావమ్మా?"

ఇరవై ఏడేళ్ళు గదినంతా నవ్వించిన నోరు నాది. దానికి ఆ క్షణాన దొరికింది ఒకే ఒక్క మాట. "ఊపిరాడలేదు" అన్నాను.

అది వంగి రెండో చెప్పు వేసుకుంది. నత్తకు నమస్కారం పెట్టి బయటికి వెళ్ళిపోయింది. నేను అక్కడే నిలబడి ఉంటే, "పద అక్కా, బస్సు పోతుంది" అంది నత్త. తొమ్మిదేళ్ళ తర్వాత ఆవిడ నోట వరస విన్నాను, కానీ అందులో కోపం కూడా లేదు.

ఆడపిల్ల పుట్టింది. చెవులు, పెదవి, కాళ్ళవేళ్ళు అన్నీ ఎవరూ చూడనప్పుడు ఒకటికి రెండుసార్లు చూశాను. గుండె కూడా బాగుందని డాక్టరు చెప్పింది. మా అమ్మాయి మళ్ళీ పనిలోకి వెళ్ళి కుర్చీలో కూర్చుంది. గదిలో ఇప్పుడు ఎవరూ గ్లాసు తాగడం లేదట. సొట్ట గ్లాసు ఏమైందని నేను అడగాల్సిన పని లేదు. మా వంటింట్లో మంచినీళ్ళ బిందె పక్కన బోర్లించి ఉంది.

మేమందరం ఒకే ఇంట్లో ఉంటాం. నాకు వేళకు అన్నం పెడుతుంది, మోకాళ్ళకు మందు తెస్తుంది, పల్లెత్తు మాట అనదు. ఆ రోజు నుంచి ఇంట్లో కూడా నన్ను అక్కా అనే పిలుస్తుంది. ఇదేం పిలుపని అల్లుడు అడిగితే ఫ్యాక్టరీ అలవాటు అంది.

మనవరాలికి ఏడాది నిండింది. నిన్న మధ్యాహ్నం ఆడుకుంటూ దాహమని ఏడ్చింది. నేనే దగ్గరున్నాను, మోకాళ్ళ నొప్పి కూడా మర్చిపోయి లేచాను. కంటికి ఆ గ్లాసే కనిపించింది, బిందెలో ముంచి తీసుకొచ్చాను. పిల్ల చేతులు చాచింది. మా అమ్మాయి వచ్చి పిల్లను ఎత్తుకుని నాకూ దానికీ మధ్య నిలబడింది.

"ముందు నువ్వు తాగక్కా" అంది.

"బిందెలో నీళ్ళేనే. నువ్వే పొద్దున పట్టావు."

"గ్లాసు తెచ్చింది నువ్వు కదా. తాగు."

తాగాను. సగంలో ఆపి చూశాను. దాని కళ్ళు నా మీదే ఉన్నాయి. అడుగు దాకా తాగి, గ్లాసు బోర్లించి చూపించాను. అది గ్లాసు నా చేతిలోంచి తీసుకుని రెండుసార్లు కడిగి, తనే నీళ్ళు ముంచి పిల్లకు పట్టింది.